గుండె లయకు అయస్కాంతం: మనవాళ్లకు అందే దారి ఎంత దూరం?

ఈ మధ్య మన సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక వీడియో బాగా తిరుగుతోంది. రోగి బల్ల మీద పడుకుని ఉంటాడు. అటూ ఇటూ బీరువాలంత పెట్టెలు రెండు. డాక్టరు పక్క గదిలో కంప్యూటరు ముందు కూర్చుని మౌస్ కదుపుతుంటే, రోగి గుండెలో ఉన్న సన్నని గొట్టం కొన ఆయన ఎటు చూపిస్తే అటు వంగుతుంది. కింద "కోత లేదు, కుట్టు లేదు, అయస్కాంతంతో గుండె జబ్బు మాయం" అని ఎవరో రాశారు. అది చూసి సోలాపూరు నుంచీ బరంపురం నుంచీ మన హోసూరు చుట్టుపక్కల పల్లెల నుంచీ చాలామంది "ఇది ఎక్కడ చేస్తారు? మన కార్డు మీద చేస్తారా?" అని అడుగుతున్నారు. ఒక పెద్దాయన అయితే ఊళ్లో అమ్మకానికొచ్చిన అయస్కాంతపు కడియం కొని పెట్టుకుని, అదీ ఇదీ ఒకటేనా అని ఫోన్ చేశారు.

ముందు ఆ కడియం సంగతి తేల్చేద్దాం. దానికీ దీనికీ సంబంధం లేదు. చేతికి కట్టుకునే అయస్కాంతం గుండె లయను సరిచేయదు. పైగా పేస్‌మేకర్ ఉన్నవాళ్లు బలమైన అయస్కాంతాన్ని ఛాతీ దగ్గరికి తేకూడదు కూడా. వీడియోలోని యంత్రంలో అయస్కాంతం జబ్బును నయం చేయదు. దారి చూపిస్తుంది, అంతే. నయం చేసేది గొట్టం కొన దగ్గర పుట్టే వేడి. ఈ తేడా తెలిస్తే మిగతా సంగతి సులభంగా అర్థమవుతుంది.

గుండె కొట్టుకోవడానికి కారణం దానిలోనే పుట్టే విద్యుత్తు. పై గదిలో కుడివైపున ఒక చిన్న కేంద్రం నిమిషానికి 60 నుంచి 100 సార్లు సంకేతం ఇస్తుంది. అది పై గదులను దాటి, నడుమ ఉన్న ఒకే ఒక ద్వారం గుండా కింది గదులకు చేరుతుంది. కొందరికి పుట్టుకతోనే ఇంకో దొంగదారి ఉంటుంది. కొందరికి ఆ ద్వారం దగ్గరే రెండు దారులు ఉండి, సంకేతం గానుగెద్దులాగా గుండ్రంగా తిరుగుతుంది. అప్పుడు గుండె ఉన్నట్టుండి 180, 200 సార్లు కొట్టుకుంటుంది, ఉన్నట్టుండి ఆగుతుంది. వయసు పైబడినవాళ్లలో, బీపీ ఉన్నవాళ్లలో, కీళ్లవాతం జ్వరంతో కవాటం చెడినవాళ్లలో పై గదులు లయ తప్పి గజగజ వణుకుతుంటాయి. దాన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. దానివల్ల పక్షవాతం వచ్చే ముప్పు సుమారు అయిదు రెట్లు పెరుగుతుంది. అన్నిటికన్నా ప్రమాదం కింది గదుల్లో పుట్టే వేగం. ఒకసారి గుండెపోటు వచ్చి కండరం మీద మచ్చ మిగిలినవాళ్లకు ఆ మచ్చ అంచున సంకేతం చిక్కుకుని తిరుగుతుంది. మనిషి కళ్లు తిరిగి పడిపోవచ్చు, ప్రాణమే పోవచ్చు.

ఈ చెడ్డ దారిని వెతికి, అక్కడి కాస్తంత కండరాన్ని మాడ్చేయడమే అబ్లేషన్. 1982లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డాక్టర్ మెల్విన్ షైన్‌మన్ బృందం ఛాతీ కోయకుండా, రక్తనాళం గుండా పంపిన గొట్టంతో ఈ పని చేసి చూపింది. అప్పట్లో కరెంటు షాకు ఇచ్చేవారు. 1980ల చివరికి రేడియో తరంగాలతో వేడి పుట్టించే పద్ధతి వచ్చింది. 50 డిగ్రీలు దాటిన వేడికి ఆ కాసింత కండరం చచ్చి మచ్చ కడుతుంది, దారి మూసుకుపోతుంది. 1998లో ఫ్రాన్సులోని బోర్డో వైద్యుడు మిషెల్ అయిసగేర్ బృందం, పై గదుల వణుకు చాలామందిలో ఊపిరితిత్తుల నుంచి వచ్చే సిరల మూతి దగ్గర మొదలవుతుందని చూపించింది. ఆ జబ్బుకు కూడా అబ్లేషన్ దారి తెరుచుకున్నది అప్పుడే.

ఇక అసలు కష్టం చేతి పనిలో ఉంది. మామూలు గొట్టం కాస్త గట్టిగా ఉంటుంది. డాక్టరు తొడ దగ్గర నిలబడి, చేతిలోని పిడిని తోస్తూ, లాగుతూ, తిప్పుతూ, మీటరు దూరంలో కొట్టుకుంటున్న గుండెలో దాని కొనను మిల్లీమీటర్ల లెక్కన నిలపాలి. చాలా చోట్లకు ఇది బాగానే చేరుతుంది. కొన్ని మూలలకు చేరదు. చేరినా నిలవదు. గట్టిగా తోస్తే పలుచని గోడకు చిల్లు పడే భయం. ఎక్స్‌రే కింద గంటలకొద్దీ పని కాబట్టి డాక్టరు సీసపు కోటు తొడుక్కునే నిలబడాలి. ఈ పని చేసే వైద్యుల్లో నడుం నొప్పులు, మెడ నొప్పులు బాగా ఎక్కువ. రోగి గురించి రాస్తూ డాక్టరు నడుం మాట ఎందుకని అనుకోవద్దు. మూడో గంటలో అలసిన చెయ్యి కూడా రోగి సంగతే.

అయస్కాంత పద్ధతి ఈ కష్టాన్ని తగ్గించడానికి పుట్టింది. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరానికి చెందిన, 1990లో మొదలైన స్టీరియోటాక్సిస్ అనే కంపెనీ మొదట మెదడులోకి అయస్కాంతంతో దారి చేయాలనుకుని, తర్వాత గుండె వైపు తిరిగింది. దాని నయోబి యంత్రానికి 2003లో అమెరికా ప్రభుత్వ అనుమతి దొరికింది. బల్లకు రెండు పక్కలా రెండు పెద్ద శాశ్వత అయస్కాంతాలు. అవి పుట్టించే క్షేత్రం బలం సుమారు 0.1 టెస్లా. మనం ఎమ్మారై తీయించుకునే మామూలు యంత్రం 1.5 టెస్లా కాబట్టి దానిలో పదిహేనో వంతు. గొట్టం మెత్తగా, జడకు కట్టే రిబ్బనంత సుళువుగా వంగేలా ఉంటుంది. కొనలో చిన్న చిన్న అయస్కాంతాలు. డాక్టరు కంప్యూటరులో దిక్కు మారిస్తే పెద్ద అయస్కాంతాలు తిరుగుతాయి, గొట్టం కొన ఆ దిక్కుకు మళ్లుతుంది. ముందుకూ వెనక్కూ నడపడానికి ఒక చిన్న మోటారు. కొన మెత్తన కాబట్టి గుండె గోడకు చిల్లు పడే అవకాశం చాలా తక్కువ. డాక్టరు గాజు తలుపు అవతల కూర్చుంటాడు కాబట్టి ఎక్స్‌రే ఆయనకు దాదాపు తగలదు. రోగికీ తగ్గుతుంది.

2020 మార్చిలో జెనిసిస్ అనే కొత్త యంత్రానికి అమెరికాలో అనుమతి వచ్చింది. అయస్కాంతాలు చిన్నవి, కదలిక వేగం. 2024లో జెనిసిస్ ఎక్స్ అనే ఇంకా చిన్న నమూనాకు యూరప్ అనుమతి దొరికింది. పాత యంత్రం పెట్టాలంటే ఆ గది గోడలకు ఇనుప కవచం వేయాలి, నేల గట్టిపరచాలి. అదొక చిన్న కట్టడమే. ఈ కొత్తదానికి ఆ బాధ తప్పుతుందని చెబుతున్నారు. 2025 జనవరిలో కంపెనీ సొంతంగా చేసిన మ్యాజిక్ అనే గొట్టానికి కూడా యూరప్ అనుమతి వచ్చింది. అంతకుముందు ఈ యంత్రంలో వాడే గొట్టం కోసం జాన్సన్ అండ్ జాన్సన్ వారి విభాగం మీదే ఆధారపడవలసి వచ్చేది. యంత్రం ఒకరిది, గొట్టం ఇంకొకరిది. గొట్టం ఇచ్చేవాడికి ఆసక్తి తగ్గితే కోట్లు పెట్టిన యంత్రం మూలన పడుతుంది. ఇదివరకు హాన్సెన్ అనే ఇంకో కంపెనీ రోబో చెయ్యి 2007లో అనుమతి పొంది, 2016లో కంపెనీయే అమ్ముడుపోయింది. ఆఫీసుల్లో ఫైళ్లు చూసిన అలవాటుకొద్దీ ఏ కొత్త యంత్రం గురించి చదివినా మేము ముందు వెతికేది ఇదే: విడిభాగాలు ఎవరిస్తారు, ఎన్నాళ్లిస్తారు.

మరి మేలు ఎంత? ఇప్పటివరకు వచ్చిన అధ్యయనాల్లో ఎక్కువ భాగం చేసినవాళ్ల అనుభవాన్ని లెక్కగట్టినవే. అవి చెప్పేదాంట్లో మూడు మాటలు దాదాపు అన్నిచోట్లా కనిపిస్తాయి. పెద్ద ప్రమాదాలు తక్కువ, ఎక్స్‌రే తక్కువ, పట్టే సమయం ఎక్కువ. పై గదుల వణుకు విషయంలో చివరి ఫలితం చేతితో చేసినదానికి ఇంచుమించు సమానమే. ఇది నిజంగా అక్కరకొచ్చేది మామూలు గొట్టం చేరలేని చోట్ల. చిన్నప్పుడు పుట్టుక లోపానికి ఆపరేషన్ అయి గుండె లోపలి దారులే మారిపోయినవాళ్లు, గుండెపోటు మచ్చ వల్ల కింది గదుల్లో వేగం వచ్చేవాళ్లు, కవాటాన్ని పట్టి ఉంచే కండరపు స్తంభాల మీద జబ్బు మొదలైనవాళ్లు. వీళ్లలో మెత్తని గొట్టం మెలికలు తిరిగి వెళ్లగలదు. ఇలాంటి రోగి ఇంట్లో ఉంటే, చేతితో ఒకసారి చేసి కుదరలేదని అంటే, అయస్కాంత పద్ధతి ఉన్న చోటు గురించి డాక్టరును అడగడం సబబే.

పై గదుల వణుకుకు మాత్రం గాలి ఇంకోవైపు వీస్తోంది. వేడి లేకుండా, సెకనులో లక్షల వంతు వ్యవధి గల విద్యుత్ తాకిడితో కణాలను చంపే పల్స్‌డ్ ఫీల్డ్ పద్ధతికి 2023 డిసెంబరులోనూ 2024 జనవరిలోనూ అమెరికా అనుమతులు వచ్చాయి. పక్కనే ఉన్న అన్నవాహికకు హాని తక్కువ, పని త్వరగా అయిపోతుంది. ఆస్పత్రుల డబ్బు ఇప్పుడు అటు పరుగెత్తుతోంది. అందుచేత అయస్కాంత యంత్రం అందరికీ వచ్చే రేపటి వైద్యం అని వీడియో చెప్పేది నమ్మనవసరం లేదు. కష్టమైన కొద్దిమందికి మంచి పనిముట్టుగా నిలుస్తుందని మా అంచనా.

ఇదంతా తెలిసిన తర్వాత మన ఇళ్ల వైపు చూద్దాం. గుండె దడతో బాధపడేవాళ్లలో ఎక్కువమందికి ఈ అయస్కాంతం అక్కరే లేదు. ద్వారం దగ్గర రెండు దారులున్న జబ్బుకు మామూలు చేతి పద్ధతిలోనే నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. నూటికి ఒకరికో అంతకన్నా తక్కువమందికో ద్వారమే దెబ్బతిని పేస్‌మేకర్ పెట్టవలసి రావచ్చు. అంటే మందు బిళ్లలతో జీవితమంతా గడపవలసిన మనిషి, రెండు రోజుల ఆస్పత్రితో మామూలు మనిషి కావచ్చు. ఇంత మంచి వైద్యం నలభై ఏళ్లుగా ఉంది. మనవాళ్లు దాని దాకా ఎందుకు వెళ్లడం లేదు?

మా సభ్యురాలు ఒకామె గులాబీ తోటల్లో పని చేస్తుంది. పదకొండేళ్లు ఆమెకు నెలకోసారి, రెండు నెలలకోసారి గుండె ఉన్నట్టుండి పరుగెత్తేది. అరగంటకు అదే ఆగేది. "గుండెల్లో పావురాయి రెక్కలు కొట్టుకున్నట్టుంది" అని తెలుగులో చెప్పేది. వెంట వెళ్లిన కొడుకు "అమ్మకు భయం" అని తమిళంలో చెప్పేవాడు. తప్పు వాడిది కాదు, దడ అనే మాటకు మన ఇళ్లలో రెండు అర్థాలూ ఉన్నాయి కదా. గ్యాస్ బిళ్లలిచ్చారు, నిద్ర బిళ్లలిచ్చారు. డాక్టరు దగ్గరికి చేరేసరికి దడ తగ్గేది, ఈసీజీ మామూలుగా వచ్చేది. ఈ జబ్బున్న ఆడవాళ్లను భయంతో వచ్చిన దడ అని పంపేయడం మన ఊరి వింతేమీ కాదు, దేశదేశాల్లో వైద్యులే రాసుకున్న సంగతి. చివరికి ఒక రోజు దడ ఉండగానే పక్కనున్న ఆస్పత్రికి పరుగెత్తి ఈసీజీ తీయించారు. అందులో 190. ఒక్క కాగితంతో పదకొండేళ్ల ప్రశ్న తేలింది.

అక్కడి నుంచి రెండో చిక్కు. హోసూరుకు బెంగళూరు నలభై కిలోమీటర్లు. చెన్నై మూడు వందల పైన. మనసు బెంగళూరుకే పోతుంది. కానీ ఆమె చేతిలో ఉన్నది తమిళనాడు ముఖ్యమంత్రి బీమా కార్డు. బెంగళూరులో ఒక ఆస్పత్రి కౌంటరులో అది చెల్లదన్నారు, మరో కౌంటరుకు పంపారు, అక్కడ కన్నడ, ఇంగ్లీషు తప్ప లేని అంగీకార పత్రం ముందే చేతిలో పెట్టి సంతకం చేయమన్నారు, కార్డు సంగతి తర్వాత చూద్దామన్నారు. ఆమెకు చదవడం వచ్చింది తెలుగు ఒక్కటే. సంతకం పెట్టకుండా వెనక్కి వచ్చేసింది. సరైన పనే చేసింది. తర్వాత చెన్నైలో కార్డు మీదే చేతి పద్ధతిలో అబ్లేషన్ అయింది. మూడో రోజుకు ఇంటికి వచ్చింది. అయస్కాంతం మాటే రాలేదు.

మన సమస్య ఇక్కడుంది. గుండెలో చేరరాని మూలకు గొట్టాన్ని చేర్చడానికి అమెరికాలో ముప్పై ఏళ్లు కష్టపడ్డారు. మన పేద మనిషి ఆ గొట్టం ఉన్న గది దాకా చేరడానికి మనం పడ్డ కష్టం ఎంత?

కార్డుల సంగతి రాష్ట్రానికో తీరు. ఆంధ్రలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ అక్కడ నివాసమున్నవాళ్లకే. తాతల కాలం నుంచి బయట ఉన్న మనకు అది రాదు. మాతృభాష తెలుగైనంత మాత్రాన అడిగే హక్కూ లేదు. ప్రతి ఎన్నికలప్పుడూ "ప్రవాసాంధ్రులకు ఆరోగ్యశ్రీ" అని ఎవరో ఒకరు అంటారు కానీ, మనం ప్రవాసులం కాం, ఈ నేలవాళ్లమే. ఈ నేల పథకాలే మనవి. తమిళనాడులో ఏటా 1,20,000 రూపాయల లోపు ఆదాయమున్న కుటుంబానికి ముఖ్యమంత్రి బీమా ఉంది. కర్ణాటకలో ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కర్ణాటక. పేదల కార్డు లేనివాళ్లకు అక్కడ ఖర్చులో 30 శాతమే వస్తుంది. మహారాష్ట్రలో మహాత్మా జ్యోతిబా ఫులే పథకం. ఒడిశాలో 2018లో వచ్చిన బిజూ స్వాస్థ్య కల్యాణ్ స్థానంలో 2025 నుంచి ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన నడుస్తున్నాయి. యానాం పుదుచ్చేరి కింద ఉంది. ఎనిమిది వందల కిలోమీటర్ల పైన ఉన్న జిప్మర్ తమ కేంద్రాన్ని యానాంలో పెట్టింది గానీ, గుండె లోపలి పరీక్షకు పెద్దాస్పత్రికే పోవాలి. కాకినాడ ముప్పై కిలోమీటర్లే, రాష్ట్రం వేరు.

రాష్ట్రం దాటే వీలు కేంద్ర పథకంలో ఉంది. 2018 సెప్టెంబరు 23న మొదలైన ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజనలో కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. దేశంలో ఆ పథకం జాబితాలో ఉన్న ఏ ఆస్పత్రిలోనైనా చెల్లాలి. బరంపురం మనిషి విశాఖలో, హోసూరు మనిషి బెంగళూరులో వాడుకోవచ్చు. అబ్లేషన్ ఆ పథకం చికిత్సల్లో ఉంది. మెలిక ఎక్కడంటే, రాష్ట్రం పేరుతో ఇచ్చిన కార్డులన్నీ కేంద్రం జాబితాలో ఉన్న కుటుంబాలవి కావు. కేంద్రం జాబితాలో పేరుంటేనే బయట రాష్ట్రంలో చెల్లుతుంది. కార్డు ఒకేలా కనిపిస్తుంది, వెనకున్న లెక్క వేరు. ప్రయాణం కట్టక ముందు 14555 నంబరుకు ఫోన్ చేసి పేరు ఉందో లేదో అడిగితే కౌంటరు దగ్గర అవమానం తప్పుతుంది. 70 ఏళ్లు నిండినవాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోండి. 2024 అక్టోబరు 29 నుంచి ఆదాయంతో పని లేకుండా వయో వందన కార్డు ఇస్తున్నారు, ఆధార్‌లో వయసు ఉంటే చాలు. పింఛను తీసుకునేవాళ్లు "మాకెందుకిస్తారు" అని ఊరుకుంటున్నారు. మీకూ వస్తుంది. ఇప్పటికే ప్రభుత్వ ఉద్యోగుల వైద్య పథకంలో ఉన్నవాళ్లు రెంటిలో ఒకటి ఎంచుకోవాలి.

ప్రభుత్వ ప్యాకేజీలో అయస్కాంత పద్ధతికి వేరే ధర లేదు. ప్యాకేజీ డబ్బు మామూలు పద్ధతికి సరిపోయేలా కట్టింది. ఒక్కసారికే వాడే ఖరీదైన అయస్కాంత గొట్టం ఆ డబ్బులో రాదు. గుండె స్టెంట్లకు 2017 ఫిబ్రవరిలో కేంద్రం గరిష్ఠ ధర కట్టింది. మందు పూసిన స్టెంటు 29,600 రూపాయలకు దిగింది. అబ్లేషన్ గొట్టాలకు అలాంటి కట్టడి లేదు. 2020 ఏప్రిల్ నుంచి వైద్య పరికరాలన్నీ మందుల చట్టం కిందికి వచ్చాయి కాబట్టి, ఏడాదికి పది శాతం మించి ధర పెంచకూడదన్న నియమం ఉంది, అంతవరకే. 2025 సెప్టెంబరు 22 నుంచి వైద్య పరికరాల మీద జీఎస్టీ 5 శాతానికి తగ్గింది. ఆ తగ్గుదల రోగి బిల్లులో కనపడుతోందా అన్నది బిల్లులు దాచుకున్నవాళ్లే చెప్పాలి. మన దేశంలో చాలా చోట్ల మామూలు గొట్టాలను శుద్ధి చేసి మళ్లీ వాడతారు. ఖర్చు తగ్గడానికి అదొక దారి. కానీ కొత్త గొట్టం ధర వేసి పాతది వాడారా అని అడిగే హక్కు డబ్బు కట్టినవాళ్లకు ఉంది. మర్యాదగానే అడగండి. అడగకుండా మాత్రం రావద్దు.

మన సంఘాల్లో కొందరు చదువుకున్న పిల్లలు ఇంకో ఆశ చెబుతున్నారు. డాక్టరు పక్క గదిలో కూర్చుని చేయగలిగితే, బెంగళూరులోనో వేలూరులోనో కూర్చుని హోసూరు రోగికి ఎందుకు చేయకూడదు? ప్రశ్న మంచిదే. కానీ యంత్రం ఇక్కడ ఉండాలి. తొడ నాళంలో గొట్టం పెట్టేవాళ్లు ఇక్కడ ఉండాలి. గుండె చుట్టూ రక్తం చేరితే నిమిషాల్లో సూదితో తీసేవాళ్లు, అవసరమైతే ఛాతీ తెరిచేవాళ్లు ఇక్కడే ఉండాలి. అవన్నీ ఉన్న ఊళ్లో మంచి డాక్టరు కూడా ఉంటాడు. దూరం నుంచి చేయించుకునే సదుపాయం మొదట పెద్ద ఆస్పత్రుల మధ్యే పనికొస్తుంది. చిన్న ఊరికి ముందుగా రావలసింది అంతకన్నా చవకైనది, దడ వచ్చిన గంటలో తీసే ఈసీజీ.

దీనికి మన దగ్గరే ఒక ఆధారం ఉంది. 2021 ఆగస్టు 5న తమిళనాడు ప్రభుత్వం "మక్కళై తేడి మరుత్తువం" అనే ఇంటింటి వైద్య పథకాన్ని మన కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే మొదలుపెట్టింది. బీపీ, షుగరు మందులు గడప దగ్గరికే వస్తున్నాయి. ఎందరో మన పెద్దవాళ్లు దానివల్ల బాగున్నారు. ఆ నర్సమ్మ బీపీ చూస్తున్నప్పుడు నాడి పట్టి లయ సరిగా ఉందో లేదో చూడడానికి అర నిమిషం చాలు. లయ తప్పితే దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈసీజీ. పై గదుల వణుకు చాలామందిలో దడ కూడా పుట్టించదు, నేరుగా పక్షవాతంతోనే బయటపడుతుంది. దీనికి కొత్త యంత్రమేదీ కొననక్కర్లేదు, నడుస్తున్న పథకంలో ఒక వరుస కలిపితే చాలు. ఇది మేము జిల్లా అధికారులకు ఇస్తున్న వినతిలో మొదటి అంశం.

రెండోది భాష. భాషా మైనారిటీలకు ఇచ్చిన హామీల్లో, ఒక తాలూకాలోనో జిల్లాలోనో పదిహేను శాతం, ఆపైన ఉన్న మైనారిటీ భాషలో ముఖ్యమైన నియమాలు, ప్రకటనలు అచ్చువేయాలని ఉంది. హోసూరు తాలూకాలో తెలుగు మాట్లాడేవాళ్లు అంతకు తక్కువ లేరు. భూమి పత్రాల గురించీ బడుల గురించీ ఈ మాట ఎత్తుతాం గానీ ఆస్పత్రి కాగితం గురించి ఎప్పుడూ ఎత్తలేదు. గుండెలోకి గొట్టం పంపే ముందు మనిషి పెట్టే సంతకం కన్నా ముఖ్యమైన ప్రకటన ఏముంటుంది? చిల్లు పడవచ్చు, పక్షవాతం రావచ్చు, పేస్‌మేకర్ పెట్టవలసి రావచ్చు, మళ్లీ చేయవలసి రావచ్చు. ఈ నాలుగు మాటలు మనిషికి తన భాషలో తెలియాలి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో తమిళ పత్రం వెనకవైపు తెలుగు, కన్నడం అచ్చువేయమని అడుగుతున్నాం. అనువాదం ఖర్చు సంఘమే పెట్టుకుంటుందని కూడా రాశాం. బళ్లారి, కోలారు, గంజాం, సోలాపూరు సంఘాలవాళ్లు తమ తమ జిల్లాల లెక్క చూసుకుని ఇదే వినతి ఇవ్వవచ్చు. మా నకలు పంపుతాం.

మూడోది మనమే చేసుకోగలిగింది. దడ వచ్చినప్పుడు కింద పడుకోబెట్టి, వెంటనే దగ్గరలో ఈసీజీ ఉన్న చోటికి తీసుకెళ్లాలి. కళ్లు తిరిగినా, ఛాతీలో నొప్పి ఉన్నా 108కి ఫోన్ చేయాలి. ఈసీజీ కాగితం అసలుది మీ దగ్గరే ఉంచుకోండి, కొన్నాళ్లకు అక్షరాలు వెలిసిపోతాయి కాబట్టి ఫొటో తీసి పెట్టుకోండి. ఎప్పుడు మొదలైంది, ఎంతసేపుంది, టక్కున ఆగిందా మెల్లగా తగ్గిందా అని ఒక చిన్న పుస్తకంలో రాయండి. టక్కున మొదలై టక్కున ఆగిందని చెబితే డాక్టరు సగం పోల్చుకుంటాడు. కింది గదుల్లో వేగం ఉందన్నవాళ్లకు ముందు కారణం వెతికించండి. క్షయ, సార్కాయిడ్ లాంటి జబ్బులు గుండె కండరంలో చేరి ఇలాంటి వేగం తెస్తాయని హైదరాబాదు వైద్యుల బృందం ఒకటి 2011లోనే ప్రచురించింది. అలాంటివాళ్లకు ఆ జబ్బుకు మందు పడాలి. మాడ్చడం ఒక్కటే చాలదు. అబ్లేషన్ అయింది కదా అని రక్తం పలుచబడే మందు సొంతంగా మానేయకండి, ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి.

పొరుగు భాషల్లో ఈ బాధను చెప్పే మాటలు కొన్ని ఇక్కడ ఇస్తున్నాం, వెంట వెళ్లేవాళ్లకు పనికొస్తాయి. తమిళంలో "పడపడప్పు" అంటే మన దడలాగే భయం కూడా అనుకుంటారు కాబట్టి "నెంజు వేగమా అడిక్కుదు" అనండి. కన్నడంలో "ఎదె జోరాగి బడియుత్తిదె". మరాఠీలో "ఛాతీత ధడధడ హోతే". ఒడియాలో "ఛాతి ధడధడ హేఉఛి". భయంతో వచ్చింది కాదు, ఊరికే కూర్చున్నప్పుడు వచ్చిందని కలిపి చెప్పండి.

తెలుగు పత్రం తయారీకి మాకు ఒక సాయం కావాలి. మీ ఊళ్లో, మీ ఇంట్లో పెద్దవాళ్లు ఈ దడను ఏ మాటతో చెబుతారో రాసి పంపండి. గుండె జారిందంటారా, గుండె కొట్టుకుపోతోందంటారా, గులాబీ తోట అమ్మలాగా పావురాయి అంటారా. యానాం మాట ఒకటి, సోలాపూరు మగ్గాల వీధి మాట ఒకటి ఉంటాయి. వచ్చినవన్నీ చేర్చి, వాటికి ఎదురుగా తమిళ, కన్నడ, మరాఠీ, ఒడియా మాటలు వేసి, ఒక్క పేజీగా అచ్చువేయించి డాక్టర్ల బల్ల మీద పెట్టాలని కార్యవర్గం నిర్ణయించింది. సంఘం కార్యాలయం పని దినాల్లో సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా తెరిచి ఉంటుంది. రాయడం రాని పెద్దవాళ్లు నోటితో చెప్పినా రాసుకుంటాం.